లింక్ అమ్మితే డబ్బులొస్తాయి.. మరి నమ్మకం?

వారానికి రెండు మూడు మెయిల్స్ నాకు ఇలాగే వస్తాయి. "మీ సైట్ బాగుంది. పాత ఆర్టికల్‌లో మా లింక్ ఒకటి పెట్టండి, డబ్బులిస్తాం. స్పాన్సర్డ్ అని మాత్రం రాయొద్దు." అసలు విషయమంతా ఆ చివరి మాటలోనే ఉంది.

లింక్‌కి డబ్బులెందుకు? 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ వివరించిన పేజ్‌ర్యాంక్ ఆలోచన సింపుల్. ఒక పేజీ ఇంకో పేజీకి లింక్ ఇస్తే అది ఓటు లాంటిది. మంచి పేరున్న పేజీ వేసే ఓటుకి విలువ ఎక్కువ. ఓటుకి విలువ ఉందంటే ఓటుకు నోటు కూడా మొదలవుతుంది కదా!

అమెరికాలో జేసీ పెన్నీ కథే చూడండి. 2010 పండగ సీజన్‌లో డ్రెస్సుల నుంచి దుప్పట్ల దాకా ఏం వెతికినా గూగుల్‌లో ఆ స్టోరే పైన కనిపించేది. సంబంధం లేని వేలాది పేజీల్లో దాని లింకులున్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆ లింకుల సంగతి తమకు తెలియదని కంపెనీ చెప్పింది. గూగుల్ చర్య తీసుకోగానే ఒక సెర్చ్‌లో మొదటి స్థానం నుంచి కొన్ని గంటల్లోనే 71కి పడిపోయింది. 2012లో స్పాన్సర్డ్ పోస్టుల గొడవలో గూగుల్ తన సొంత క్రోమ్ పేజీ ర్యాంకునే తగ్గించుకోవాల్సి వచ్చింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో పెంగ్విన్ అప్‌డేట్ వచ్చింది. 2016 నుంచి పెంగ్విన్ ఇలాంటి లింకుల్ని చాలావరకు లెక్కలోకే తీసుకోవడం లేదు. అంటే కొన్నవాడి డబ్బు గోవిందా! అయినా దొరకనంత కాలం కొన్ని పనిచేస్తూనే ఉంటాయి, అందుకే బేరాలు ఆగట్లేదు.

నేనేమీ శుద్ధపూసని కాదు. మొదట్లో హోస్టింగ్ రెన్యువల్‌కి డబ్బుల్లేక ఒక్కసారి ఒప్పుకున్నా. ఛార్జర్ల ఆర్టికల్‌లో నేనెప్పుడూ వాడని ఒక షాపు లింక్ పెట్టా. కొన్నాళ్లకి ఒక తమ్ముడి మెసేజ్: "అన్నా, మీరు పెట్టారనే అక్కడ కొన్నా. నెలకే పోయింది, రిటర్న్ కూడా తీసుకోవట్లేదు." ఏం చెప్పాలో తెలియలేదు. ఆ రోజే లింక్ తీసేశా. గూగుల్ నన్నేమీ చేయలేదు గానీ ఆ మెసేజ్ చాలు.

యాడ్ తీసుకోవడం తప్పని నేను అనను. డబ్బు తీసుకున్న లింక్‌కి పెట్టడానికి 2005 నుంచి నోఫాలో, 2019 నుంచి స్పాన్సర్డ్ ట్యాగ్ ఉన్నాయి. అవి పెడితే సెర్చ్ ఇంజిన్‌కి తెలుస్తుంది. పక్కనే "ఇది ప్రకటన" అని రాస్తే మీకూ తెలుస్తుంది. తప్పంతా దాచడంలోనే ఉంది. ఎందుకంటే కొన్న లింకులతో ఒక పేజీ పైకెక్కితే, పది రోజులు ఫోన్ వాడి నిజాయితీగా రాసినవాడి రివ్యూ కిందకి పోతుంది. ఇంట్లో అడిగి తెచ్చుకున్న పదిహేను వేలతో ఫోన్ కొనేది మీరు. నష్టం మీకే.

అందుకే ర్యాంక్ చూసి నమ్మకండి. రాసినవాళ్లు ఫోన్ నిజంగా వాడారా, సొంత ఫొటోలున్నాయా, లోపాలు చెప్పారా చూడండి. ఈ సైట్‌ని కూడా అలాగే చూడండి.