అణువు పాఠం ఎవరు చెప్పాలి?

పాఠానికి ఎంత బలముందో మన స్త్రీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన స్త్రీలు వాచకంలో చదివిన పాఠమే సారా వ్యతిరేక ఉద్యమానికి నిప్పు రాజేసింది. చదివినవాళ్ళు ప్రశ్నిస్తారన్న సంగతి పాలకులకూ, కంపెనీలకూ అంతే బాగా తెలుసు. అందుకే అణు పరిశ్రమ ఊళ్ళోకి రాకముందే బడిలో అడుగు పెడుతుంది.

1957లో అమెరికాలో డిస్నీ సంస్థ అణువును పిల్లల నేస్తంగా చూపిస్తూ ఒక చిత్రం ప్రసారం చేసింది. దాని వెనక ఉన్నది అణు జలాంతర్గాములు నడిపే నౌకాదళమూ, వాటిని తయారుచేసే జనరల్ డైనమిక్స్ కంపెనీ. జపాన్‌లో 2010లో విద్యాశాఖ పంచిన ఉపవాచకం పెద్ద భూకంపాలనూ సునామీలనూ అణు కేంద్రాలు తట్టుకుంటాయని పిల్లలకు నమ్మబలికింది. మరుసటి ఏడు మార్చిలోనే ఫుకుషిమా పేలింది. మన దేశంలోనూ అణుశక్తి శాఖ ఏళ్ళ తరబడి కాలేజీ పిల్లలకు వ్యాసరచన పోటీలు పెడుతూ వచ్చింది. అంశం ఇచ్చేదీ, బహుమతి ఇచ్చేదీ ఆ శాఖే! సైన్సు నేర్పితే ఎవరికీ అభ్యంతరం లేదు. సరుకు అమ్ముకునేవాడే పంతులు కావడం దగ్గరే మన పేచీ.

ఆ పాఠంలో లేనిదేమిటి? నీళ్ళు. గోరంట్ల వంటి కరువు సీమలో బిందె నీళ్ళ విలువ ఆడవాళ్ళకే తెలుసు. ఇక్కడినుంచి కదిరి మీదుగా పులివెందుల వైపు పోతే వేముల మండలం తుమ్మలపల్లె వస్తుంది. అక్కడ యురేనియం కార్పొరేషన్ కర్మాగారం పెట్టింది. ఆ ఖనిజంలో యురేనియం బహు స్వల్పం. మిగిలినదంతా వ్యర్థమై చెరువులాంటి గుంటలో చేరుతుంది. బోర్ల నీళ్ళు చెడిపోయాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకున్నారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. సంస్థ మాత్రం తన తప్పేమీ లేదంది. పక్క జిల్లాలో జరిగిన ఈ వివాదం మన పిల్లల ఏ పాఠంలో ఉంది?

2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం అన్వేషణకు బోర్లు వేస్తారని తెలియగానే చుట్టూ ఉన్న ఊళ్ళు రోడ్డెక్కాయి. వాళ్ళ కళ్ళు తెరిపించింది బడి కాదు, తుమ్మలపల్లె.

ప్రశ్నించినవాళ్ళను అజ్ఞానులనడం పాలకులకు పాత అలవాటే. తమిళనాడులో కూడంకుళం అణు కేంద్రాన్ని ఇడింతకరై మత్స్యకార స్త్రీలు ఎదిరిస్తే, 2012లో వాళ్ళ భయం పోగొట్టడానికని మానసిక వైద్యులను పురమాయించారు. పైగా వేలమంది మీద రాజద్రోహం కేసులు! బిడ్డల ఆరోగ్యం గురించి అడగడం రోగమా, నేరమా?

కాబట్టి మన సంఘాలు రెండు విషయాలు పట్టుబట్టి అడగాలి. పరిశ్రమ తయారుచేసిన పుస్తకంగానీ, బొమ్మల చిత్రంగానీ బడికి వస్తే, దానికి డబ్బు ఎవరు పెట్టారో పిల్లలకు, తల్లులకు ముందే చెప్పాలి. అవతలి వాదన కూడా అదే తరగతిలో వినిపించాలి. గనుల చుట్టుపక్కల ఊళ్ళలో బోరునీళ్ళ పరీక్షల ఫలితాలను తెలుగులో రాసి, పంచాయతీ గోడ మీదా, బడి గోడ మీదా అంటించాలి. వచ్చే గ్రామసభలోనే ఈ మాట ఎత్తుదాం.