మన దీపము - ఎదుటివాని కన్ను

ఒకప్పుడు మన ప్రాంతంలో కారు గల ఇల్లు ఊరికి ఒకటో రెండో ఉండెడిది. నేడు నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలలో మధ్యతరగతి కుటుంబాలు సైతం కొత్తదో, ఒకరు వాడి అమ్మినదో, ఒక చిన్న కారును సమకూర్చుకొంటున్నవి. సంతోషించదగిన విషయమే. అయితే ఆ కారులో మన శ్రద్ధ ఏ భాగాలమీద పోతున్నదో గమనిస్తే విచారం కలుగక మానదు. సీట్లకు తొడుగులు, పాటలకు కొత్త స్పీకర్లు, వెనుక అద్దంమీద అందమైన అక్షరాలు - వీటికి లోటు లేదు. ముందు దీపాల సంగతి మాత్రం ఒకటి పూర్తిగా ఆరిపోయిన నాడు గాని ఎవరికీ గుర్తుకు రాదు. ఆ నాడు సైతం మెకానిక్కును అడిగే ప్రశ్న ఒక్కటే: “ఇంతకన్న ఎక్కువ వెలుగు వచ్చేది ఏదైనా ఉన్నదా?” ఈ ప్రశ్నలోనే పొరపాటు ఉన్నదని నా అభిప్రాయం.

వెలుగు తగ్గడానికి బల్బు కారణం కాకపోవడమే తరచు జరుగుతుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల దీపాలకు గాజు ముఖం ఉండెడిది. గాజు ఎంత పాతబడినా పసుపెక్కదు. ఇప్పటి కార్ల దీపాలకు ఉన్నది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. దానిమీది రక్షణపూత ఎండకు క్షీణించిన పిమ్మట అది పసుపెక్కి మసకబారుతుంది. మన పాలమూరు ఎండలు, కంకర క్రషర్ల దుమ్ము కలిస్తే ఇక చెప్పవలసిన పని లేదు. బల్బు చక్కగా వెలుగుతూనే ఉంటుంది, వెలుగు మాత్రం లోపలనే చిక్కుకొంటుంది. ‘చిరాగ్ తలే అంధేరా’ అని ఉర్దూలోను, ‘దీపం కింద చీకటి’ అని తెలుగులోను సామెత ఉన్నది గాని, ఇక్కడ చీకటి దీపం ముందరనే ఉన్నది! సన్నని వాటర్ పేపరుతో తడిపి రుద్ది, మెరుగుపెట్టి, ఎండను తట్టుకొనే పూత మరల వేయిస్తే చాలావరకు బాగుపడుతుంది. పళ్లపొడి ముద్దతో రుద్దే గృహవైద్యం కొన్నాళ్ల ముచ్చట మాత్రమే. పూత లేనిదే పసుపు మళ్లీ వస్తుంది.

ఇక బల్బు సంగతి. మన చిన్న కార్లలో ఎక్కువగా వాడే హాలోజన్ బల్బు 12 వోల్టులది, 60/55 వాట్లది. దానికి మారుగా 100/90 వాట్లది బిగించుకొనేవారు కలరు. 60 వాట్లకు 5 ఆంపియర్ల కరెంటు చాలును, 100 వాట్లకు ఎనిమిదికి పైగా కావాలి. కంపెనీవారు వేసిన తీగ, స్విచ్చి అంతటి భారానికి ఉద్దేశించినవి కావు. హోల్డరు కరగడం, రిఫ్లెక్టరు మాడడం ఇందువల్లనే. హాలోజన్ దీపంలో ఎల్.ఇ.డి. బల్బు దూర్చడం మరొక వేడుక. రిఫ్లెక్టరు వంపు ఆ సన్నని ఫిలమెంటు ఉండే చోటును బట్టి నిర్ణయింపబడినది. వెలుగు పుట్టే చోటు, తీరు మారితే కిరణాలు చెదరి ఎదుటివాని ముఖంమీద పడతాయి. సరియైన వాట్ల బల్బులనే, రెండింటినీ ఒకేసారి మార్చుకొనడం ఉత్తమం. చేతి జిడ్డు అంటిన చోట గాజు అమితంగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది గనుక గుడ్డతో పట్టుకోవాలి.

ఇంతవరకు ఇది ఇంటి ఖర్చుకు సంబంధించిన విషయం. రోడ్డెక్కిన తరువాత పరుల ప్రాణాలకు సంబంధించినది అవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. డ్రైవరు చూచి కాలు బ్రేకుమీద వేసేలోపల, ఒకటిన్నర సెకన్లలో, కారు 33 మీటర్లు పోతుంది. ఆగడానికి పొడి రోడ్డుమీద మరి 35 మీటర్లు కావాలి. డిప్పర్ వెలుగులో నల్లని దుస్తులవాడు కనిపించేది సుమారు 50 మీటర్లలోనే. దీపాలు బాగున్నప్పటి లెక్క ఇది! పంట నూర్పిడి కాలంలో మన పల్లె రోడ్లమీద సగందాక వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పుతారు. గొర్రెల మందలు, సైకిళ్లు, వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీలు సరేసరి. ట్రాక్టరువానిదే తప్పని మిత్రులు వాదించవచ్చు. ఎర్ర దీపం పెట్టుకొనడం అతని విధి అనడంలో సందేహం లేదు. కాని మన దీపం ధాటికి కన్ను చెదిరి, సైకిలుతో సహా ఆ రాళ్లమీద పడే కూలివాని తప్పేమి? కేంద్ర మోటారు వాహన నియమావళి (1989) 106వ నియమం దీపకాంతి కిందికి వంగి ఉండాలనీ, ఎదుటివాని కన్నులకు మిరుమిట్లు గొలుపరాదనీ స్పష్టంగా చెప్పుచున్నది.

బల్బు సరియైనదే అయినా గురి తప్పవచ్చు. జనవరిలో జాన్‌పహాడ్ ఉర్సుకు, కార్తికంలో కురుమూర్తి జాతరకు వెళ్లే కార్లను చూడండి. అయిదుగురు పట్టేచోట ఏడుగురు, వెనుక వంట సామాను. వెనుక భాగం కుంగితే ముందు దీపాలు ఆకాశం చూస్తాయి. అనేక కార్లలో స్టీరింగు చెంత సున్నా నుండి అంకెలు గల చిన్న మీట ఒకటి ఉంటుంది. బరువును బట్టి దీపాలను కిందికి దించుకొనడానికే అది ఉన్నది. దానిని తాకినవారు ఎందరో నాకు సందేహమే.

లారీలకు, బస్సులకు నియమిత కాలంలో ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. సొంత కారుకు మాత్రం రిజిస్ట్రేషను జరిగిన పదిహేనేండ్లకు గాని ఆ పరీక్ష రాదు. అంతకాలం దాని దీపాలు పరీక్షించవలసినవాడు యజమానియే. ఆ పని కష్టమైనది కాదు. సమతలమైన చోట కారును గోడ దగ్గరగా నిలిపి, దీపాల నడిమి ఎత్తును సుద్దతో గుర్తుపెట్టి, పది మీటర్లు వెనుకకు తీయాలి. డిప్పర్ వెలుగు పై అంచు ఆ గుర్తుకు సుమారు 10 సెంటీమీటర్లు దిగువన ఉండాలి, ఎడమ కొసన మాత్రం కొంచెం పైకి లేస్తుంది. మన కళాశాల జాతీయ సేవా పథకం విద్యార్థులు ఉర్సుకు ముందటి వారంలో ఒక సాయంత్రం ఈ పనిని ఊరివారందరికీ ఉచితంగా చేసి పెట్టవచ్చును. కళాశాల ప్రహరీగోడ ఉన్నది, సుద్దముక్కలకు కొదువ లేదు. ఒక టేపు, ఒక స్క్రూడ్రైవరు తెచ్చుకొంటే చాలును.