వాడ నుంచి రాస్తున్నా – 17: ‘ఎంట్రీ లెవెల్’ ఎవరికి?



మొన్న ఏప్రిల్ 14 రాత్రి మా వాడలో జయంతి డీజే నడుస్తోంది. బొలెరో మీద బేస్ బాక్సులు, టాపులు, వెనక జనరేటర్. ముందు ఒక బల్ల. బల్ల మీద పాత లాప్‌టాప్, దాని పక్కన స్కూల్ బ్యాగ్‌లో పట్టేంత కంట్రోలర్. రెండు చక్రాలు, మధ్యలో రెండు నిలువు ఫేడర్లు, కింద ఒక అడ్డ ఫేడర్. బటన్ల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. నగరంలో పీజీ చదువుతున్న మన తమ్ముడొకడు వచ్చి దాన్ని చూసి నవ్వాడు.

“అన్నా, ఇది ఎంట్రీ లెవెల్ ది. పదేండ్ల కిందటి మోడల్. ఇంకా దీనిమీదనే నడిపిస్తున్నరా?”

తమ్ముడు మంచివాడే. మన సభలకు వస్తాడు, మన పుస్తకాలు చదువుతాడు. అందుకే ఆ మాట వారం రోజులు నన్ను వదల్లేదు. పరాయివాడు అంటే పట్టించుకునేవాణ్ణి కాదు.

‘ఎంట్రీ లెవెల్’ అంటే ఏంటి? గడప దగ్గరి మెట్టు. లోపల ఇంకా గదులున్నాయి, నువ్వింకా బయటే ఉన్నావు అని చెప్పే మాట. పెద్ద క్లబ్బుల్లో వాడే రెండు ప్లేయర్లు, ఒక మిక్సర్ కలిపితే లక్షల్లో ధర. ఆ లెక్కన చిన్న కంట్రోలర్ బొమ్మ. కానీ కన్సోల్ ముందున్న మా చిన్నాయన కొడుక్కి అది బొమ్మ కాదు. కూలి డబ్బులు దాచి, కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్‌కి కొన్నాడు. ఆ పెట్టె మీదే పెళ్లిళ్లు, బరాత్‌లు, పుట్టినరోజులు, జయంతులు నడిపాడు. చెల్లె ఫీజు దాని మీదే కట్టాడు. ఆయనకు అది మొదటి మెట్టు కాదు, మొత్తం ఇల్లు. ఎవరి జీవితాన్ని ఎవరు ‘ఎంట్రీ’ అంటున్నారు?

మా పెట్టె కంపెనీ పేరు చెప్పను, ప్రకటన అవుతుంది. కానీ ఇలాంటివి ఇన్నేళ్ల తర్వాత కూడా మన పిల్లల చేతుల్లో ఎందుకున్నాయో చెప్పాలి. ‘పేదోళ్లు కదా, కొత్తది కొనలేరు’ అని జాలిపడి వదిలేసే విషయం కాదిది.

ముందు యంత్రం సంగతి. కంట్రోలర్‌లో పాట ఉండదు. పాట లాప్‌టాప్‌లో ఉంటుంది. నువ్వు ఫేడర్ జరిపితే అది లాప్‌టాప్‌కి ఒక అంకె పంపుతుంది, అంతే. కింది చివర 0, పై చివర 127. బటన్ నొక్కితే ఒక అంకె, చక్రం తిప్పితే ఇంకో అంకె. ఈ అంకెల భాష పేరు మిడి. 1983లో జనం ముందుకొచ్చింది. దాన్ని యూఎస్‌బీ మీద పంపే ఉమ్మడి పద్ధతి 1999లో వచ్చింది. ఆ పద్ధతి పాటించే పెట్టెకు వేరే డ్రైవర్ అక్కర్లేదు, విండోస్ అయినా లినక్స్ అయినా తగిలించగానే గుర్తుపడుతుంది. 2010లో 0 నుంచి 127 దాకా చెప్పిన పెట్టె ఇవాళా 0 నుంచి 127 దాకానే చెబుతుంది. అంకెలకు ముసలితనం రాదు.

రెండోది తాళం సంగతి. ఇవాళ చాలా సాఫ్ట్‌వేర్లు ముందు అకౌంట్ తెరవమంటాయి, ఇంటర్నెట్ అడుగుతాయి, నెలనెలా చందా అడుగుతాయి. డీజేల ప్రపంచంలో పెద్ద పేరున్న రెకార్డ్‌బాక్స్ 2020లో చందా పద్ధతిలోకి వెళ్లింది. 2019లో ఆపిల్ కేటలీనా వచ్చి 32 బిట్ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా ఆపేసింది. అంతకుముందు దాకా నడిచినవి ఒక్క అప్‌డేట్‌తో మూగబోయాయి. డబ్బులిచ్చి కొన్న వస్తువు ఎన్నాళ్లు నడవాలో ఇంకెవడో నిర్ణయిస్తున్నాడు. సిగ్నల్ అందని ఊరి చివర, పెళ్లి పందిట్లో, “మీ చందా గడువు ముగిసింది” అని తెర మీద వస్తే ఆపరేటర్ ఎవరికి మొరపెట్టుకోవాలి?

ఇటువైపు చూడండి. మిక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితం, దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఏ బటన్ అంకె ఏ పని చేయాలో రాసిన చిన్న ఫైల్‌ని మ్యాపింగ్ అంటారు. అది ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. జపాన్‌లో వెస్టాక్స్ అనే కంపెనీ ఉండేది. 2007 ప్రాంతంలో వీసీఐ-100 అనే చిన్న, గట్టి కంట్రోలర్ తెచ్చింది. ఆ కంపెనీ 2014లో దివాలా తీసింది. కంపెనీ పోయినా, దాని పెట్టెకు వాడుకునేవాళ్లు రాసుకున్న మ్యాపింగ్‌లు మిగిలాయి. యజమాని చచ్చినా పనిముట్టు బతికింది. దీనికన్నా పెద్ద రాజకీయ పాఠం ఏముంది?

మూడోది రిపేరు. ఈ పాత పెట్టెల్లో చాలావాటికి వెనక ప్రింటర్‌కి వాడే చదరపు యూఎస్‌బీ పోర్టే ఉంటుంది. కేబుల్ పోతే మండల కేంద్రంలో జిరాక్స్ షాపులో దొరుకుతుంది. ఫేడర్ గరగరమంటే నాలుగు స్క్రూలు విప్పి, దుమ్ము దులిపి, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలాసార్లు దారికొస్తుంది. పోర్టు వదులైతే మొబైల్ షాపు తమ్ముడు సోల్డర్ పెడతాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివిన మన పిల్లలకు ఇది చేతిలో పని. పనిముట్టు లోపల ఏముందో తెలిసినవాడికే దాని మీద హక్కు ఉంటుంది. మన తాతలు తోలు ఊనిన కాలం నుంచీ మనకు తెలిసిన సంగతే ఇది.

ఇప్పుడు అసలు గొడవకొస్తా.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మా యూనివర్సిటీలో ఒక సంగీత బృందం ఉండేది. ఒక ఫెస్ట్‌లో మన హాస్టల్ కుర్రాడు చిన్న కంట్రోలర్ పట్టుకొచ్చాడు. రెండు పాటలు నడిపాడో లేదో, ఒకడు వచ్చి “సింక్ నొక్కేవాడు డీజే ఎట్లయితడు? చెవితో కలిపినోడే డీజే” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. సింక్ అంటే రెండు పాటల వేగాన్ని యంత్రమే కలిపే బటన్. అది నొక్కడం మోసమట. ఈ వాదన మీకెక్కడో విన్నట్టు లేదూ? ఇంట్లో పియానో, ట్యూషన్, తండ్రి కొనిచ్చిన టర్న్‌టేబుల్, ఇవేవీ సాయం కిందికి రావు. వాడవాడు నొక్కిన ఒక్క బటనే సాయం. రిజర్వేషన్ మీద వాళ్లు మాట్లాడే ‘మెరిట్’ కూడా అచ్చం ఇదే లెక్క.

ఇందులో యంత్రం నిజం కూడా ఉంది, వినండి. పాత చిన్న కంట్రోలర్లలో చాలావాటికి వేగం మార్చే ఫేడర్ పొట్టిది. అది పంపేవి ఆ 128 అంకెలే. మైనస్ 8 నుంచి ప్లస్ 8 శాతం దాకా పెట్టుకుంటే, ఒక్కో మెట్టుకు సుమారు 0.126 శాతం. నిమిషానికి 120 దరువుల పాటలో అది 0.15 దరువు. అంటే నీ చెవి ఎంత ఖచ్చితంగా విన్నా, నీకు కావాల్సిన వేగం రెండు మెట్ల మధ్యలో పడితే ఫేడర్ అక్కడ ఆగలేదు. నిమిషం గడిచేలోపు రెండు దరువులు ఎడమవడం మొదలవుతుంది. చక్రాన్ని వేలితో తోస్తూ సర్దుకుంటూ ఉండాలి, లేదా సింక్ నొక్కాలి. లోపం చెవిది కాదు, ఇచ్చిన పనిముట్టుది. తక్కువ మెట్లున్న నిచ్చెన ఇచ్చి, ఎక్కడం రాదని నవ్వడం ఈ దేశంలో పాత అలవాటు.

పైగా ఈ కళ ఎక్కడ పుట్టిందో ఆ నవ్వినవాళ్లకు తెలుసా? 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో, జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబపు కుర్రాడు కూల్ హెర్క్ తన చెల్లెలి పార్టీలో రికార్డులు తిప్పాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి, జనం ఎగిరే ముక్కనే మళ్లీ మళ్లీ సాగదీయడం ఆయన పద్ధతి. హిప్ హాప్ పుట్టుకను అక్కడి నుంచే లెక్కపెడతారు. ఆ తర్వాత డీజేలందరికీ ప్రమాణమైన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 కూడా 1972లో ఇళ్లలో కూర్చుని పాట వినేవాళ్ల కోసం తయారైందే. దాన్ని వీధిలోకి లాగినవాళ్లు నల్లజాతి పేద పిల్లలు. వస్తువు ఎవరి కోసం తయారైందన్నది కంపెనీ రాసుకుంటుంది. ఎవరిదైందన్నది వీధి రాస్తుంది.

మనలోనే ఇంకో మాట ఉంది: “డీజే వచ్చి డప్పును చంపింది.” మన పెద్ద కార్యకర్తలే అంటారు. వాళ్ల మీద గౌరవంతోనే జవాబు చెబుతా. మా పెద్దనాయన డప్పు కొట్టేవాడు. చావుకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి. రానని చెప్పే హక్కు ఆయనకు లేదు. అదే డప్పును 1994లో దండోరా ఉద్యమం ఆత్మగౌరవం కోసం మోగించింది, అప్పుడది మన ఇష్టంతో మోగింది. డప్పును ఆ రోజు వెట్టి నుంచి విడిపించుకున్నాం. కంట్రోలర్ మీద మొదటి నుంచే వెట్టి లేదు. మా తమ్ముడు రేటు చెబుతాడు, అడ్వాన్స్ తీసుకుంటాడు, నచ్చకపోతే “ఆ రోజు ఖాళీ లేదు దొరా” అంటాడు. ఆ ‘దొరా’లోని వెటకారం మా పెద్దనాయనకు తెగ నచ్చుతుంది. డప్పు చప్పుడు రికార్డు చేసి ప్యాడ్ల మీద పెట్టుకుని, పాట మధ్యలో వేలితో మోగించే పిల్లలు మనకున్నారు. ఈ రెండింటికీ తగువు పెట్టడం ఆపండి.

చప్పుడు గురించి దాచను. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పసిపిల్లలు, గుండె జబ్బులున్నవాళ్లు మన వాడలోనూ ఉన్నారు, నియమం అవసరమే. మా జయంతి రోజు 10 దాటి ఐదు నిమిషాలకే జీపు వచ్చింది. మేం ఆపేశాం. అదే నెలలో ఊరి నడిబొడ్డున ఒక పెద్దింటి బరాత్ అర్ధరాత్రి దాకా మోగితే ఏ జీపూ రాలేదు. నా అభ్యంతరం గడియారం మీద కాదు, అది ఒక్కో వీధిలో ఒక్కో టైం చూపించడం మీద.

ఇక మన తప్పు. ఈ పెట్టె ముందు నేనింతవరకు మన వాడ ఆడపిల్లను చూడలేదు. జయంతికి ముందు వరసలో ఎగిరేది వాళ్లే, ఊరేగింపులో నీలి జెండా పట్టేది వాళ్లే. కన్సోల్ దగ్గరికి వస్తే మాత్రం “నీకెందుకు, తీగలుంటయి, జరుగు” అంటాం. ‘ఎంట్రీ లెవెల్’ అన్న మాటకు నాకంత కోపం వచ్చినప్పుడు, అసలు ఎంట్రీయే ఇవ్వని మన గురించి చెల్లెళ్లు ఏమనుకోవాలి? ఈ పెట్టె చిన్నది, తేలిక, ఇంట్లో మంచం మీద పెట్టుకుని హెడ్‌ఫోన్స్‌తో నేర్చుకోవచ్చు. రాత్రిపూట బొలెరో ఎక్కే పని కూడా లేదు. నేర్పకపోవడానికి మన దగ్గర ఒక్క సాకూ లేదు.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నా మాట. కొత్తది కొనగలిగితే కొనండి, లేమిని పూజించమని నేను చెప్పను. కానీ పాతదాన్ని పారేయకండి, అమ్మకండి. ఊరికి పంపండి. కంప్యూటర్ చదివినవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు మిక్స్ ఎక్కించి, మ్యాపింగ్ రాయడం తెలుగులో నేర్పండి. మన యువజన సంఘం గదిలో పుస్తకాల బీరువా పక్కన ఒక బల్ల వేద్దాం.

ఆ తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అన్నా, మా రూమ్‌లో ఒకటి మూలకు పడి ఉంది, ఒక ఫేడర్ పనిచేస్తలేదు” అన్నాడు. పట్టుకురమ్మన్నాను. మా చిన్నాయన కొడుకు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటాడు. ఈసారి బల్లకు ఇటుపక్క మా చెల్లె కూడా కూర్చుంటుంది.

జై భీమ్.