ఆటను కాదు, ఆగనివ్వని ఎత్తుగడను నిందించండి

సంతబొమ్మాళిలో ఒక తల్లి తన పదమూడేళ్ల కుమారుణ్ణి చూపి, "డాక్టరుగారూ, ఈ ఆటలన్నీ విషమేనా?" అని అడిగారు. ఔనని తల ఊపడం సులభం. కాని అది వైద్యం కాదు. ఉద్దానం మూత్రపిండాల వ్యాధికి నీరని ఒకరు, పురుగుమందులని మరొకరు కారణం తేల్చేశారు. దశాబ్దాలు గడిచినా మూలమేదో రుజువు కాలేదు. నిర్ధారణకు ముందే తీర్పు చెప్పడం ఎంత చేటో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

1984లో పీటర్ లీపా, క్రిస్ గ్రే అటారీ ఇంటి కంప్యూటర్ల కోసం 'బౌల్డర్ డాష్' అనే ఆటను రూపొందించారు. రాక్‌ఫర్డ్ అనే చిన్న ప్రాణి మట్టి తవ్వుతూ వజ్రాలు ఏరుకోవాలి. కింది మట్టి తొలగిస్తే పైబండ పడుతుంది. కాబట్టి అడుగు వేసే ముందే ఆలోచించాలి. కావలసినన్ని వజ్రాలు చేరితేనే ద్వారం తెరుచుకుంటుంది. ప్రతి గుహకూ గడువుంది. ప్రాణాలు అయిపోతే ఆట ముగుస్తుంది.

ఆ ఆటలకు పిల్లలు అతుక్కుపోలేదా? పోయారు. అయితే ఆ యంత్రం గదిలో ఒకచోట ఉండేది. ఆపేసిన ఆట అర్ధరాత్రి పిలిచేది కాదు. నేటి ఫోను ఆటలలో చాలావాటికి ముగింపే లేదు. రోజూ రాకపోతే బహుమతి పోతుందని బెదిరిస్తాయి. ఏముందో తెలియని పెట్టెను డబ్బుకు అమ్ముతాయి. ఇది వినోదమా, వలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ఆటల రుగ్మత ఉంది. దాని కొలమానం గంటలు కాదు. అదుపు తప్పడం, తక్కిన పనులకన్న ఆటే ముఖ్యం కావడం, హాని తెలిసీ మానలేకపోవడం, సాధారణంగా ఏడాదిపాటు ఈ స్థితి కొనసాగడం దాని లక్షణాలు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. కాని పందెం లేకుండానే పసివాడి నిద్రను దోచుకునే ఎత్తుగడల మాటేమిటి? తప్పంతా పిల్లవాడి బలహీనతదే అని మనం సరిపెట్టుకున్నంత కాలం వాటి తయారీదారులు నిశ్చింతగా ఉంటారు.

తల్లిదండ్రులారా! ఫోను లాక్కునే ముందు పక్కన కూర్చుని ఆ ఆటను చూడండి. అది ఎక్కడ ముగుస్తుంది? ఏం కొనమంటోంది? ఎప్పుడు పిలుస్తోంది? పిల్లవాడు నిద్రపోతున్నాడా, బడికి వెళుతున్నాడా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికాకే చికిత్స. బండ పడుతోందని పిల్లవాణ్ణి కొట్టకండి. కింది మట్టిని ఎవరు తవ్వుతున్నారో చూడండి.