అరకులో మనం మెహమాన్లమా, తమాష్‌బీన్లమా?

చలికాలం సెలవులొస్తే చాలు, ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో అరకు ముచ్చట మొదలవుతుంది. "వైజాగ్‌లో అద్దాల రైలెక్కుదాం" అని ఒకరంటే, "అక్కడ హలాల్ దొరుకుతుందా?" అని ఇంకొకరు. ఈసారి నేనూ అందరినీ వెంటేసుకుని వెళ్లొచ్చాను.

హలాల్ గురించి ఫికర్ అక్కర్లేదు. బొంగులో చికెన్ కాల్చే ఆయన్ని అడిగితే, "కోడిని మీరే కోసుకోండి బాబూ" అన్నాడు. మా ఖాలూ బిస్మిల్లా చెప్పి జబహ్ చేశారు. ఆయన ముక్కలకు మసాలా పట్టించి, వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద పెట్టాడు. నూనె చుక్క లేదు. పిల్లలు ఆ రోజు బిర్యానీ పేరెత్తలేదు. ఇంత సీదా మాటకి ఇంటి నుంచి టిఫిన్ డబ్బాలు మోసుకొచ్చిన వాళ్లం మనం!

నన్ను తొలిచింది వేరే సంగతి. సాయంత్రం మేం దిగినచోట థింసా ఆడించారు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా కదులుతున్నారు. మావాడొకడు వీడియో తీస్తూ "జంగ్లీ డాన్స్" అని నవ్వాడు. ఎవరూ ఆపలేదు. నేనూ వెంటనే ఆపలేదు, అది నా తప్పు. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ దగ్గరికి కెమెరాలతో వచ్చి, హలీం తిని, బుర్ఖాలు ఫొటో తీసుకుని పోయేవాళ్ల మీద మనకెంత గుస్సా వస్తుంది! సూరా హుజురాత్‌లో ఖబీలాల మాట వచ్చేది తఆరుఫ్ కోసం, ఒకరినొకరు తెలుసుకోవడం కోసం. మనం ఆడే మనిషి పేరు కూడా అడగం.

మరుసటి రోజు మా బావగారు టీకొట్టు దగ్గర ప్లాటు రేటు అడిగారు. ఇది షెడ్యూల్డ్ ఏరియా. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి జమీన్ గిరిజనేతరులు కొనడానికి లేదు, ఒక గిరిజనేతరుడి దగ్గర ఇంకో గిరిజనేతరుడు కొనడానికీ లేదు. "బినామీ పేరుమీద జరుగుతాయిలే" అన్నారాయన. వక్ఫ్ జమీన్లు కళ్లముందే చేజారిన ఖౌమ్‌వాళ్లమా ఈ మాట అనేది? బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలోనే గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. మనం సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వచ్చే ఆ రైలుమార్గం కూడా సైలానీల కోసం వేసింది కాదు. 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి వేశారు. కొండ సొత్తు కిందికి దిగే దారి అది.

కాఫీ కథ మాత్రం పిల్లలకు చెప్పాను. యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా తాగిన ఖహ్వా ఇది. హజ్ నుంచి తిరిగొస్తూ బాబా బుడన్ ఏడు గింజలు చిక్‌మగళూరు కొండలకు తెచ్చారని రివాయత్. ఇప్పుడు అరకు అరబికాకి 2019 నుంచి జీఐ గుర్తింపు ఉంది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాలు, పండించేది ఆదివాసీలు. కొనేదేదో గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో, సంతలో వాళ్ల చేతినుంచో కొనండి. సంతలో బేరమాడకండి. మాల్‌లో ఆడతామా?

మా డ్రైవర్ కూతురు ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు మాట్లాడుతుంది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఆ పిల్ల తడబాటు కొత్తేం కాదు. "నీళ్లని మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగాను. "పాణి" అంది. మా చిన్నది ఎగిరి గంతేసింది: "అబ్బా, మన మాటే!" తర్వాత వాళ్లిద్దరూ అన్నం, ఇల్లు, కోడి అంటూ ఒక్కో మాటా పోల్చుకుంటూ వెనక సీట్లో అనంతగిరి దిగేదాకా కూర్చున్నారు.