రిమాండ్ వేళ అడగని ప్రశ్న

2020 నవంబరు 3న పాణ్యం మండలం కౌలూరు దగ్గర రైలు పట్టాల మీద నంద్యాలకు చెందిన ఒక ముస్లిం కుటుంబం ప్రాణాలు తీసుకుంది. ఆటో డ్రైవరు, ఆయన భార్య, కూతురు, కొడుకు. వారి పేర్లు మన పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. అంతకు ముందు సంవత్సరం బంగారు దుకాణంలో చోరీ కేసులో ఆయనను జైలుకు పంపారు. బెయిలుపై వచ్చి ఆటో నడుపుకుంటుండగా, ప్రయాణికుడి డెబ్బై వేల రూపాయలు పోయాయని మళ్ళీ ఆయన మీదనే అనుమానం మోపారు. ఆ దొంగతనాలతో తనకు సంబంధం లేదని, పోలీసుల వేధింపులు భరించలేకపోతున్నానని ఆయన చివరిసారిగా ఫోను ముందు కూర్చుని చెప్పిన మాటలు రాష్ట్రమంతా విన్నది.

ఆ వీడియో బయటికి వచ్చాక ఒక సీఐని, ఒక హెడ్ కానిస్టేబుల్‌ను అరెస్టు చేశారు. అరెస్టు వార్త చల్లారకముందే నంద్యాల న్యాయస్థానం వారికి బెయిలు ఇచ్చింది. దాన్ని రద్దు చేయాలని ప్రభుత్వమే పిటిషను వేయవలసి వచ్చింది. ఆనాడు నంద్యాల మస్జిదుల మెట్ల మీద, ఆళ్లగడ్డ టీ బంకుల దగ్గర ఒకటే ప్రశ్న వినిపించింది: పోలీసును అడగడానికి ప్రభుత్వముంది, ప్రభుత్వాన్ని అడగడానికి ఓటుంది, మరి జడ్జిని అడిగేదెవరు?

న్యాయమైన ప్రశ్నే. కానీ దాన్ని తప్పు చోట అడిగితే నష్టపోయేది మనమే.

బెయిలు ఇచ్చినందుకు జడ్జిని శిక్షించాలని మనం కోరరాదు. రేపు ఏ సాక్ష్యమూ లేకుండా పట్టుకుపోయిన మన కుర్రవాడికి బెయిలు ఇవ్వవలసినదీ ఆ మేజిస్ట్రేటే. బెయిలు ఇస్తే ఉద్యోగం పోతుందన్న భయం ఆయన మనసులో నాటితే, ఆ భయానికి మొదట బలయ్యేది వకీలును పెట్టుకోలేని పేదవాడే. కృష్ణప్రసాద్ వర్మ కేసులో 2019లో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. ఉత్తర్వు తప్పయినంత మాత్రాన న్యాయాధికారి మీద క్రమశిక్షణ చర్య తగదు, దురుద్దేశమో దుష్ప్రవర్తనో ఉండాలి. తప్పు ఉత్తర్వును పై కోర్టు సరిదిద్దుతుంది.

మన అభ్యంతరం బెయిలు మీద కాదు, రెండు తూకపురాళ్ళ మీద. ఖాకీ వేసుకున్నవారికి అంత త్వరగా గుర్తొచ్చిన వ్యక్తి స్వేచ్ఛ, చోరీ అనుమానంతో తెచ్చిన ఆటో డ్రైవరు విషయంలో ఎందుకు గుర్తు రాదు? జవాబు కావాలంటే బెయిలు ఉత్తర్వు కంటే ముందుకు, రిమాండ్ దగ్గరికి వెళ్ళాలి.

రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆ నిబంధన ఎందుకు పెట్టారు? పోలీసు చేతిలోని మనిషిని పోలీసు కాని ఒక కన్ను చూడాలని. నిన్ను ఎప్పుడు పట్టుకున్నారు, ఎందుకని చెప్పారా, కొట్టారా, వకీలు ఉన్నాడా అని ఒక నోరు అడగాలని. ఏ తాలూకా కోర్టు వరండాలోనైనా ఒక సాయంత్రం నిలబడి చూడండి. ఆ ప్రశ్నలు ఎందరిని అడుగుతున్నారో, ఎందరి విషయంలో పోలీసు కాగితం మీద సంతకం పడి మనిషి వ్యాను ఎక్కుతున్నాడో మీకే తెలుస్తుంది.

ఇది దయాధర్మం కాదు, చట్టం. అర్నేష్ కుమార్ కేసులో 2014లోనే సుప్రీంకోర్టు కట్టడి చేసింది. ఏడేళ్ళ వరకు శిక్ష పడే నేరాల్లో అలవాటుగా అరెస్టు చేయరాదు. అరెస్టు ఎందుకు అవసరమో పోలీసు రాతపూర్వకంగా చెప్పాలి. మేజిస్ట్రేటు దాన్ని పరిశీలించి, తన కారణాలు తాను రాసి, అప్పుడే రిమాండుకు అనుమతించాలి. కారణాలు రాయకుండా రిమాండుకు పంపిన మేజిస్ట్రేటు మీద హైకోర్టు శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు. చివరి వాక్యాన్ని మళ్ళీ చదవండి. జడ్జిని అడిగేదెవరన్న ప్రశ్నకు దేశపు అత్యున్నత న్యాయస్థానం పదేళ్ళకు పైగా ముందే జవాబు చెప్పింది. మామూలు దొంగతనం కేసులు ఈ ఏడేళ్ళ పరిధిలోకే వస్తాయి. అంటే నంద్యాల ఆటో డ్రైవరు వంటివారి కోసమే ఈ తీర్పు వచ్చినట్టు లెక్క. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో, అరెస్టుకు కారణాలు నిందితుడికి తెలియజేశారో లేదో నిర్ధారించుకోవడం మేజిస్ట్రేటు విధి అని కూడా చెప్పింది. ఇన్ని తీర్పులుండగా అడగవలసిన ప్రశ్న అడగకపోతే, అది పొరపాటు కాదు, విధి విస్మరణ.

“జడ్జిని ప్రశ్నిస్తే కోర్టు ధిక్కారం” అని మనల్ని భయపెడతారు. ఆ భయాన్ని ఆ చట్టమే తీసేసింది. 1971 కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షను ప్రకారం, ముగిసిన కేసు గుణదోషాల మీద న్యాయమైన విమర్శ ధిక్కారం కాదు. 6వ సెక్షను ప్రకారం, కింది కోర్టు న్యాయాధికారి గురించి సదుద్దేశంతో హైకోర్టుకు చేసుకున్న ఫిర్యాదు ధిక్కారం కాదు. “జడ్జీలకు చట్టం రక్షణ ఉంది” అంటారు. ఉంది. విధి నిర్వహణలో చేసిన పనికి వారి మీద దావాలు వేయకుండా 1985 జడ్జీల రక్షణ చట్టం కాపాడుతుంది. అయితే వారి మీద చర్య తీసుకునే ప్రభుత్వ, హైకోర్టు అధికారాలకు భంగం లేదని ఆ చట్టమే చెబుతున్నది. జిల్లా కోర్టుల మీద, కింది కోర్టుల మీద అదుపును 235వ అధికరణం హైకోర్టు చేతిలో పెట్టింది.

ఆ అదుపు కాగితానికే పరిమితం కాదని మన తెలుగు నేల చూసింది. 2012లో ఓబుళాపురం గనుల కేసులో బెయిలు కోసం డబ్బు చేతులు మారిందన్న ఆరోపణ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లో ఆ బెయిలు ఇచ్చిన సీబీఐ ప్రత్యేక న్యాయమూర్తిని హైకోర్టు సస్పెండ్ చేసింది. ఏసీబీ ఆయనను అరెస్టు చేసింది. అక్కడ కోట్ల రూపాయల గనులున్నాయి, పత్రికలున్నాయి, దేశమంతా చూస్తున్నది. మన ఆటో డ్రైవరు వెనుక ఎవరున్నారు? పెద్ద కేసులో కదిలిన యంత్రాంగం చిన్న కేసులో కూడా కదలాలంటే, కదిలించే కాగితం మనం పంపాలి.

ఇక్కడ మన లోపమూ ఒప్పుకోవాలి. ఊరేగింపు తీయడం మనకు వచ్చు, వినతిపత్రం ఇవ్వడం వచ్చు. కానీ రిమాండ్ ఉత్తర్వు నకలు కోసం దరఖాస్తు పెట్టిన కుటుంబాలు ఎన్ని? ఆ నకలు లేకుండా మేజిస్ట్రేటు కారణాలు రాశారో లేదో మనకెలా తెలుస్తుంది? హైకోర్టు మన మాట ఎలా నమ్ముతుంది? న్యాయాధికారుల మీద ఫిర్యాదులను ప్రమాణ పత్రం, సరిచూడదగిన ఆధారాలు ఉంటేనే స్వీకరించాలని 2014 అక్టోబరులో భారత ప్రధాన న్యాయమూర్తి హైకోర్టులకు రాశారు. ఆకాశరామన్న ఉత్తరాలకు, ఆవేశపు ఉపన్యాసాలకు అక్కడ చోటు లేదు.

కనుక జమాఅత్ పెద్దలకు, యువకులకు మా మనవి ఇది. నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ మన మనిషిని పట్టుకుపోయారని తెలిసిన గంటలోనే ఆ సమయం రాసి పెట్టండి. రిమాండ్ వేళకు ఒక వకీలును నిలబెట్టండి. స్తోమత లేకపోతే న్యాయసేవల కమిటీని అడగండి. నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. దెబ్బలుంటే వైద్య పరీక్ష కోసం మేజిస్ట్రేటు ముందే నోరు విప్పి అడగమని నిందితుడికి చెప్పండి. మరునాడే నకలుకు దరఖాస్తు పెట్టండి. కారణాలు లేని ఉత్తర్వులు పోగైతే, వాటిని ప్రమాణ పత్రంతో జత చేసి హైకోర్టు రిజిస్ట్రారుకు పంపండి. నల్లమల దాటి అమరావతి దాకా మనం పోలేకపోయినా మన కాగితం పోగలదు. ఇక బాధితుల పక్షాన ఉన్నవారు బెయిలు విచారణలోనే తమ మాట వినాలని కోరండి. లఖింపూర్ ఖేరి కేసులో 2022లో సుప్రీంకోర్టు హైకోర్టు ఇచ్చిన బెయిలును రద్దు చేయడానికి ఒక కారణం, బాధితుల మాట వినకపోవడమే.

హైకోర్టును మనం కోరేది కూడా చిన్నదే. కింది కోర్టుల తనిఖీకి వచ్చినప్పుడు ఎన్ని కేసులు తేల్చారన్న లెక్కతో పాటు, ఎన్ని రిమాండ్ ఉత్తర్వుల్లో కారణాలు రాశారన్న లెక్క కూడా చూడండి. నిజాయితీగా పనిచేసే మేజిస్ట్రేటుకు ఈ లెక్కతో భయం లేదు. అది ఆయన గౌరవాన్ని పెంచుతుంది.

న్యాయపీఠం ఎంత బరువైనదో మన చరిత్రకు తెలుసు. ఖలీఫా మన్సూర్ ఇవ్వజూపిన ఖాజీ పదవిని ఇమాం అబూ హనీఫా నిరాకరించి, అందుకు కారాగారాన్ని అనుభవించారు. ఆ కుర్చీలో కూర్చుంటే జవాబు చెప్పుకోవాలన్న భయం అంతటి పండితుణ్ణి వెనక్కి లాగింది. మన తాలూకా కోర్టుల్లో ఆ కుర్చీ ఎక్కినవారిని మనం కోరేది అందులో కొద్ది పాటి జవాబుదారీయే. ఎదుట నిలబడ్డ మనిషి ముఖం చూడండి. ఒక ప్రశ్న అడగండి. అతని జవాబు, మీ కారణం, రెండూ రాయండి.

కౌలూరు పట్టాల మీద పోయిన నలుగురినీ ఏ ఉత్తర్వూ తిరిగి తేలేదు. తన మాట వినేవారు లేక ఆ తండ్రి ఫోనుకు చెప్పుకున్నాడు. మరొక తండ్రి ఆ మాటను నిండు కోర్టులో మేజిస్ట్రేటుకు చెప్పుకోగలిగితే, ఆ రోజు నంద్యాలకు ఇన్సాఫ్ మొదలైనట్టు.