పద్యంలో దాగిన ఇరవై అంకెలు

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక్క వడ్లగింజ పెట్టాలి. రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, నాలుగో దాంట్లో ఎనిమిది... ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్లూ నింపాలి. మొత్తం ఎన్ని గింజలు?

తరతరాలుగా పిల్లల్నీ పెద్దల్నీ బోల్తా కొట్టిస్తున్న లెక్క ఇది. దీని జవాబును ఏనాడో తెలుగు పద్యంలో చెప్పేశాడు పావులూరి మల్లన. రాజమహేంద్రవరాన్ని రాజరాజ నరేంద్రుడు ఏలిన 11వ శతాబ్దపు కవిగా ఆయనకు పేరు. పిఠాపురం దగ్గరి నవఖండవాడ ఆ కుటుంబానికి రాజుగారిచ్చిన అగ్రహారమని చెబుతారు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు చేశాడు. అదే ‘పావులూరి గణితం’.

ఇంతకీ జవాబు... 1,84,46,74,40,73,70,95,51,615!

వెయ్యి వడ్లగింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే, మొత్తం 36 వేల కోట్ల టన్నులు దాటుతుంది. ప్రపంచమంతా ఏటా 80 కోట్ల టన్నుల వడ్లు పండించినా, ఈ బల్ల నిండడానికి నాలుగు వందల ఏళ్లకు పైనే పడుతుంది. మన డెల్టా రైతు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు!

మల్లన ఈ సంఖ్యను అంకెల్లో రాయలేదు. మాటల్లో చెప్పాడు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, మన్మథుడి బాణాలంటే అయిదు, దిగ్గజాలంటే ఎనిమిది, ఆకాశమంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. ఆ మాటలన్నీ చంపకమాలలో ఒదిగిపోయాయి.

తాటాకు మీద అంకె చెరిగితే దిక్కులేదు. పద్యంలో మాట జారితే మాత్రం నడక కుంటుతుంది, చదివేవాడికి తెలిసిపోతుంది. అయితే ఛందస్సు కాపలా కొంతవరకే. ‘వేద’ అన్న చోట ‘బాణ’ అని పడితే నడక చెడదు... లెక్క మాత్రం చెడుతుంది!

మరి ఇన్ని చేతులు మారిన సంఖ్య సరైనదేనని నమ్మేదెలా? అందుకు సాక్ష్యం ఆ సంఖ్యలోనే ఉంది.

33వ గడిలో పడేవి 4,29,49,67,296 గింజలు. దానికి ఒకటి తక్కువైన సంఖ్యను, ఒకటి ఎక్కువైన సంఖ్యతో గుణిస్తే మన జవాబే వస్తుంది. మొదటిది 3, 5, 17, 257, 65,537గా విడిపోతుంది. రెండోది ప్రధాన సంఖ్యేనని, అంటే ముక్కలు కాదని, ఫ్రాన్స్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 67,00,417గా విడగొట్టి చూపించాడు. అలా మల్లన చెప్పిన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు తేలాయి.

వీటిలో 17 గట్టి కాపలాదారు. ఇరవై అంకెల్లో ఏ ఒక్కటి మారినా, పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా, 17తో భాగిస్తే శేషం మిగిలి తీరుతుంది. మన ఆధార్ నంబరులో చివరి అంకె చేసేదీ ఇలాంటి కాపలా పనే, పద్ధతి వేరు. పన్నెండు అంకెల్లో ఒకటి తప్పు కొడితే కంప్యూటర్ పట్టేసేది దాని వల్లే.

ఈ ఆదివారం పిల్లల చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి చూడండి. మామూలు కాలిక్యులేటర్‌లో ఇరవై అంకెలు పట్టవు మరి! 17తో భాగిస్తే రావాల్సింది 10,85,10,25,92,57,11,50,095. కామాలతో ఎవరైనా తికమక పడితే కంగారు పడకండి, కామాలు తీసేసి 1085102592571150095 అని చూసుకోండి. శేషం సున్నా వచ్చిందా? మల్లన పద్యం చెక్కు చెదరకుండా మన దాకా చేరినట్టే.